మెష్‌లో మూడో హాప్ దగ్గర స్పీడ్ పడిపోతోంది, ఛానెళ్లు ఎలా పంచాలి?

ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ (రౌటర్ సాఫ్ట్‌వేర్) మీద 802.11ఎస్ మెష్ (వైఫై నోడ్లు వైర్ లేకుండా ఒకదాని నుంచి ఒకటి డేటా అందించుకునే నెట్‌వర్క్) నడుపుతున్నాను. వరుసగా 5 నోడ్లు, అంటే 4 హాప్‌లు (నోడ్ నుంచి పక్క నోడ్‌కి ఒక్కో లింక్). ఒక్కో నోడ్‌లో బ్యాక్‌హాల్‌కి (నోడ్ల మధ్య లింకులకి) రెండు 5 గిగాహెర్ట్జ్ రేడియోలు, క్లయింట్లకి విడిగా ఒక 2.4 (దాంతో ఏ ఇబ్బందీ లేదు).

మొదట అన్ని హాప్‌లూ ఛానెల్ 36లోనే పెట్టా, హాప్ హాప్‌కీ స్పీడ్ సగమైంది, అది ఊహించిందే. తర్వాత 36, 149, 36, 149 అని మార్చి మార్చి ఇచ్చాను, వెడల్పు 80 మెగాహెర్ట్జ్. ఐపెర్ఫ్‌లో (స్పీడ్ కొలిచే టూల్) రెండో హాప్ దాకా 370 ఎంబీపీఎస్ వస్తోంది, మూడో హాప్ దాటగానే 150, పింగ్ 4 మిల్లీసెకన్ల నుంచి 90కి పోతోంది. ఒకటో హాప్, మూడో హాప్ రెండూ 36లోనే ఉండటంతో ఒకటి మాట్లాడుతుంటే ఇంకోటి ఆగుతోందని నా అనుమానం.

పవర్ 23 నుంచి 17 డీబీఎంకి తగ్గించి చూశా, అయినా రెండో నోడ్‌కి మూడో హాప్ సిగ్నల్ -75తో వినిపిస్తూనే ఉంది. ఆర్‌టీఎస్ (డేటా పంపే ముందు అనుమతి అడిగే పద్ధతి) ఆన్ చేస్తే పెద్ద తేడా లేదు. మూడో హాప్‌ని 100కి మారిస్తే స్పీడ్ బాగుంది కానీ అది డీఎఫ్ఎస్ ఛానెల్ (రాడార్ కనిపిస్తే వైఫై ఖాళీ చేయాల్సింది), రాడార్ కనిపించిందని లింక్ తెగిపోతోంది, ఆ ఛానెల్‌కి మళ్లీ 30 నిమిషాల దాకా పోలేం. రోజుకి రెండు మూడు సార్లు ఇదే తంతు.

ఇక డీఎఫ్ఎస్ వద్దనుకుంటే, వెడల్పు 40కి తగ్గించి 36, 149, 44, 157 వరుసలో ఇవ్వడం మేలా, లేక 80 ఉంచి రెండు ఛానెళ్లే తిప్పడం మేలా?