అప్‌డేట్: బాత్రూమ్ మూలల్లో వైట్ సిమెంటా, సిలికానా?

గోడ టైల్‌కీ ఫ్లోర్ టైల్‌కీ మధ్య 6 మి.మీ. సందులో వైట్ సిమెంట్ పదేపదే పగులుతోందని అడిగాను కదా, రబ్బరులా సాగే సిలికాన్‌తో పని పూర్తయింది. గోడ, నేల వేర్వేరుగా కదులుతాయి. బిగుసుకుపోయే సిమెంట్ అక్కడ నిలవదు. పాతదంతా గీకించి, పూర్తిగా ఆరనిచ్చి, సందు అడుగున 8 మి.మీ. ఫోమ్ రాడ్ (మెత్తటి ఫోమ్ తాడు) నొక్కి పెట్టించాం (లోతు లేని చోట అడుగున టేప్ చాలు). ఇది మానేస్తే సిలికాన్ అడుక్కి కూడా అతుక్కుని, సాగలేక చిరిగిపోతుంది. రెండు పక్కలా మాస్కింగ్ టేప్, మధ్యలో న్యూట్రల్ (వెనిగర్ వాసన రాని) శానిటరీ సిలికాన్, అంటే బాత్రూమ్‌లకి వాడే రకం. పొర కట్టకముందే సబ్బునీళ్ల వేలితో నునుపు చేసి టేప్ లాగేయాలి. వెనిగర్ వాసన వేసే రకం మార్బుల్‌కి పనికిరాదు. 24 గంటలు నీళ్లు తగలనివ్వొద్దు. కింది ఇంటి సీలింగ్‌లో చెమ్మ కనిపిస్తే మాత్రం ఇది చాలదు, టైల్స్ కింది వాటర్‌ప్రూఫింగే చూసుకోవాలి.