అండర్-14 రగ్బీ సెలక్షన్: ఒడ్డూ పొడుగూ చూడాలా, ఆట చూడాలా?

విజిల్ మాస్టారు:
నేను ప్రకాశం జిల్లా పడమటి వైపు ఒక జడ్పీ హైస్కూల్లో పీఈటీని. మూడేళ్లుగా పిల్లలకు రగ్బీ నేర్పుతున్నా. కిందటి నెల అండర్-14 జిల్లా జట్టు సెలక్షన్‌కి నలుగురిని తీసుకెళ్లా. తెల్లారగట్ల నాలుగున్నర బస్సు. పది గంటల దాకా పుట్టినతేదీ కాగితాలు చూశారు. తర్వాత ఎత్తు, బరువు, వంద మీటర్ల పరుగు. చివర్లో పిల్లల్ని జట్లు చేసి ఇరవై నిమిషాలు ఆడించారు. భోజనాల వేళకి పన్నెండు మంది పేర్లు చదివేశారు.

మావాడొకడున్నాడు, బక్కపలచన. బంతి చేతికి రాకముందే దాన్ని ఎవరికివ్వాలో వాడికి తెలుసు. రగ్బీలో బంతిని ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. అందుకే వెనక ఎవరొస్తున్నారో పసిగట్టే పిల్లాడు దొరికితే జట్టుకి పండగే. ఆ ఇరవై నిమిషాల్లో వాడి దాకా బంతి వచ్చింది రెండుసార్లు. దొరికినవాడు దొరికినట్టు తలొంచుకుని పరిగెత్తాడు మరి. పేరు రావాలంటే అదే దారని పిల్లలకీ తెలుసు!

సిఫార్సులు నడిచాయని నేను అనడం లేదు. తీసుకున్నవాళ్లంతా నిజంగానే వేగమున్నవాళ్లు, ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లు. నేనడిగేది ఒకటే. ఇలా తీస్తే మనకి దొరికేది ఆటగాళ్లా, ముందుగా ఎదిగిన పిల్లలా?

పాత సెలక్టర్:
మాస్టారూ, ఆ రోజు నేను లేను గానీ అలాంటి టేబుల్ దగ్గర చాలాసార్లు కూర్చున్నా. అటువైపు నుంచి కూడా వినండి. ఒక గ్రౌండు, ఇద్దరు ముగ్గురం, ఎనభై తొంభై మంది పిల్లలు. అందులో సగం మంది ఆ కోడిగుడ్డు బంతిని అప్పుడే మొదటిసారి పట్టుకున్నవాళ్లు, కబడ్డీ నుంచో అథ్లెటిక్స్ నుంచో వచ్చినవాళ్లు. దూరపు పిల్లలకి సాయంత్రం బస్సు అందాలి.

వంద మీటర్ల టైము కాగితం మీద ఉండే అంకె. "మావాణ్ణి ఎందుకు తీయలేదు" అని పెద్దమనిషెవరైనా ఫోన్ చేస్తే చూపించడానికి అదొక్కటే ఉంటుంది. "ఆటలో తెలివి కనబడింది" అని రాస్తే ఆ తెలివి ఎవరి అల్లుడిలోనైనా కనబడుతుంది. నవ్వకండి, చూశాను కాబట్టి చెబుతున్నా.

పైగా మన పిల్లలు ఆడేది సెవెన్స్. పదిహేను మంది ఆడే మైదానంలోనే ఏడుగురు. ఏడేసి నిమిషాల రెండు భాగాలు. అంత ఖాళీలో వేగం లేనివాడు ఏం చేస్తాడు? నలభై కిలోల మీ పిల్లాడి మీదకి రాష్ట్ర పోటీల్లో అరవై కిలోలవాడు దూసుకొస్తే, దెబ్బ తగిలాక వాళ్లమ్మకి మీరు జవాబు చెబుతారా, నేను చెప్పాలా?

గిత్తల రైతు:
రగ్బీ నాకు తెలియదు, మా మేనల్లుడు ఆడతాడు. నాకొచ్చిన అనుమానం చెబుతా. మా ఒంగోలు గిత్తల బండలాగుడు పందేల్లో పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలుంటాయి. కొన్నప్పటి రశీదు ఎవడూ అడగడు, నోరు తెరిచి పళ్లు చూస్తారు. ఎద్దుకే అంత న్యాయం చేస్తుంటే పిల్లలకి కాగితమేంది?

విజిల్ మాస్టారు:
రైతన్నా, ఆ కాగితాల సంగతి నన్నడగండి. మా బడి రిజిస్టర్ తీస్తే తరగతికి సగం మంది జూన్‌లోనే పుట్టారు. బళ్లో చేర్చే రోజున వయసు సరిపోవాలని ఎవరో రాసేసిన తేదీ అది. బయటి దేశాల్లో పరిశోధకులు ఎప్పటినుంచో చెబుతున్నారు, ఏడాది మొదట్లో పుట్టినవాళ్లు వయసు జట్లలో ఎక్కువగా ఉంటారు, చివర్లో పుట్టినవాళ్లు తగ్గిపోతారు అని. వాళ్ల లెక్కని మన కాగితాల మీద పెడితే ఏమీ తేలదు.

తేదీ నిజమైనా సరిపోదు. మగపిల్లలు సుమారు పదమూడు, పద్నాలుగేళ్ల దగ్గర ఒక్కసారిగా సాగుతారు, ఏడాదికి తొమ్మిది, పది సెంటీమీటర్లు. ఒకడికది పన్నెండులో వస్తుంది, ఇంకొకడికి పదిహేనులో. మనం జట్టు తీసేది సరిగ్గా ఆ మధ్యలో. ఇవాళ వంద మీటర్లలో వెనకబడ్డవాడు రెండేళ్లకి పక్కవాణ్ణి దాటేయొచ్చు. అప్పటికి వాడు ఆట మానేసి ఉంటాడు.

పాత సెలక్టర్:
మరి పళ్లు చూసే పద్ధతి మనకేది? బీసీసీఐ అండర్-16 కుర్రాళ్లకి ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీయించి టీడబ్ల్యూ3 పద్ధతిలో ఎముకల వయసు లెక్కిస్తుంది. వాళ్ల దగ్గర డబ్బుంది. అయినా అది వయసు దొంగల్ని పట్టడానికి, ఆట తూచడానికి కాదు.

విజిల్ మాస్టారు:
ఎక్స్‌రే అక్కర్లేదు సార్. నిలబడ్డ ఎత్తు, బల్ల మీద కూర్చోబెట్టి ఎత్తు, బరువు, వయసు. వీటితో ఆ సాగుడు ఇంకెంత దూరంలో ఉందో అంచనా కట్టే సూత్రం 2002లోనే వచ్చింది. టేపూ బల్లా చాలు. మరీ తొందరగా, మరీ ఆలస్యంగా ఎదిగేవాళ్ల దగ్గర లెక్క తప్పుతుంది, ఒప్పుకుంటా. పైగా దానికి వయసు నిజంది కావాలి, అక్కడ మళ్లీ జూన్ గొడవే. జట్టు దాంతో తీయమనడం లేదు. సెలక్షన్ రోజు ఒకే సైజు పిల్లల్ని ఎదురెదురుగా పెట్టి ఆడించమంటున్నా. న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ వైపు బడి పిల్లలకి బరువును బట్టి పోటీలు పెడతారు. రగ్బీ దేశమే ఆ పని చేస్తుంటే మనకి నామోషీ ఏంటి?

పెన్నా ఒడ్డు:
నెల్లూరు నుంచి. నేను కబడ్డీవాణ్ణి, రెండేళ్లు రగ్బీ కూడా ఆడినా. పాత సెలక్టర్ అన్న చెప్పినట్టు మావోళ్లని ఒడ్డూ పొడుగూ చూసే తీసుకున్నారు. పట్టుకోవడంలో మాకు ఎదురు లేదు. కానీ కబడ్డీలో పట్టినవాణ్ణి వదిలితే పాయింటు పోతుంది. రగ్బీలో కిందపడ్డాక వదలకపోతే పెనాల్టీ! మాకు ఆ చెయ్యి వదలడం ఎంత ప్రాక్టీస్ చేసినా రాలేదబ్బా. మొదటి మ్యాచ్‌లో పెనాల్టీలు ఇచ్చీ ఇచ్చీ ఓడిపోయినాం. వంద మీటర్ల టైములో ఇది యాడ కనబడుతుంది?

ఓ పిల్లాడి నాన్న:
మావాడు కిందటేడు వెళ్లాడు. తీయలేదు. ఎందుకు తీయలేదో ఒక్కరు చెప్పలేదు. "ఎడమ చేత్తో పాస్ రావట్లేదు, నేర్చుకుని రా" అని ఉంటే ఏడాదంతా అదే చేసేవాడు. ఎత్తు పెరిగి రమ్మంటే ఏం చేస్తాడు? బూట్లు అటక మీద పెట్టేశాడు.

పాత సెలక్టర్:
ఇది విన్నాక ఊరుకోలేకపోతున్నా. చెప్పకపోవడం మా తప్పే. సరే మాస్టారూ, నా కుర్చీలో మీరు కూర్చున్నారనుకోండి. తొంభై మంది, ఆరు గంటలు. ఏం చేస్తారు?

విజిల్ మాస్టారు:
వంద మీటర్లు తీసేస్తా. రగ్బీలో తిన్నగా వంద మీటర్లు పరిగెత్తే అవకాశం ఎన్నిసార్లు వస్తుంది? దాని బదులు బ్రాంకో అనే పరుగు పరీక్ష పెడతా. ఇరవై మీటర్లు పోయి రావడం, నలభై పోయి రావడం, అరవై పోయి రావడం, అలా ఐదుసార్లు. మొత్తం 1200 మీటర్లు. నాలుగు గుర్తులూ ఒక వాచీ చాలు, పదేసి మందిని ఒకేసారి పరిగెత్తించొచ్చు. మీకు కావలసిన అంకె కూడా వస్తుంది.

మిగతా టైమంతా ఆటే. ఏడేసి మంది జట్లు, సైజు చూసి. ప్రతి ఏడు నిమిషాలకీ పిల్లల్ని అటూ ఇటూ మార్చేస్తా, ఒకడు బంతి ఇవ్వకపోయినా ఇంకొకడు ఇస్తాడు. సెలక్టర్ల కళ్లు మాత్రం బంతి మీద ఉండకూడదు. కిందపడ్డవాడు ఎంతసేపట్లో లేస్తున్నాడు, తప్పు చేశాక వెంటనే వెనక్కి పరిగెత్తాడా, తిట్టుకుంటూ నిలబడ్డాడా, పక్కవాడికి కేక వేస్తున్నాడా, పట్టేటప్పుడు తల ఎటు పెడుతున్నాడు. దెబ్బలంటున్నారు కదా, తల తప్పు వైపు పెట్టి పట్టేవాడు అరవై కిలోలున్నా దెబ్బ తింటాడు.

పాత సెలక్టర్:
తల మాట ఒప్పుకుంటా. బ్రాంకో కూడా బాగుంది. వేగం చూడొద్దంటే మాత్రం నేను ఒప్పుకోను, ఇరవై మీటర్ల పరుగైనా పెట్టాల్సిందే. ఆటకి మార్కులేస్తే మాత్రం ముగ్గురం వేర్వేరుగా వేసి, తర్వాతే కలిపి చూడాలి. లేకపోతే ఆ అల్లుడు మళ్లీ వస్తాడు.

విజిల్ మాస్టారు:
ఇరవై మీటర్లకి సరే. శనివారం పొద్దున మా బడికీ పక్క మండలం బడికీ మ్యాచ్ పెట్టుకున్నాం. వీలైతే రండి సార్. మావాణ్ణి కూడా చూడొచ్చు.

పాత సెలక్టర్:
వస్తా. ఆ పిల్లాడు ఎవరో మాత్రం నాకు ముందే చెప్పొద్దు.