ముందు టవర్ ప్రాబ్లం అన్నారు, ఇప్పుడు నీళ్లు పడ్డాయంటున్నారు. ఫోన్‌కి వారంటీ రాదంటే ఏం చేయాలి?

మధిర కుర్రాడు:

అందరికీ నమస్తే. ఇలాంటిది ఎవరికైనా జరిగి ఉంటే చెప్పండి, నాకైతే బుర్ర పనిచేయట్లేదు. పోయిన దసరాకి ఖమ్మంలో ఒక షాపులో 19,000 పెట్టి నాన్నకి ఫోన్ కొనిచ్చాను. బిల్లు నా పేరు మీదే ఉంది. నాన్నావాళ్లు ఉండేది మధిర దగ్గర పల్లెలో, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. ఆరేడు నెలలు ఫోన్ బంగారంలా పనిచేసింది. తర్వాత మొదలైంది గోల. మాట్లాడుతుంటే మధ్యలో కట్ అయిపోతుంది, చూస్తే పైన ‘ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ’ అని ఉంటుంది. ఏరోప్లేన్ మోడ్ వేసి తీస్తే సిగ్నల్ వస్తుంది, కాసేపటికి మళ్లీ మామూలే. రాత్రిపూట ఆయన పొలం మోటారు దగ్గరికి ఒక్కడే పోతాడు, ఫోన్ కలవకపోతే ఇంట్లో అమ్మకి ఒకటే టెన్షన్.

సిమ్ కంపెనీ కస్టమర్ కేర్‌కి చేస్తే ‘మీ ఏరియాలో నెట్‌వర్క్ బాగానే ఉంది సార్, హ్యాండ్‌సెట్ చెక్ చేయించుకోండి’ అన్నారు. సర్వీస్ సెంటర్‌కి పోతే సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించి ‘ఫోన్‌లో ఏ లోపమూ లేదు, మీ ఊళ్లో టవర్ ప్రాబ్లం’ అని పంపారు. తగ్గలేదు, మళ్లీ తీసుకెళ్లి ఇచ్చాం. ఈసారి విప్పి చూశారట, లోపల స్టిక్కర్ ఎర్రబడిందట, లిక్విడ్ డ్యామేజ్ కాబట్టి వారంటీ రాదట, బోర్డు మార్చడానికి 11,800 అవుతుందట. నాన్నేమో నీళ్లలో పడలేదు, వానలో తడవలేదు అంటున్నాడు. ఆయన ఫోన్‌ని పాలిథిన్ కవర్లో చుట్టి మరీ జేబులో పెట్టుకునే మనిషి. వారంటీ ఇంకా రెండు నెలలు ఉంది. డబ్బు కట్టాలా, కోర్టుకి పోవాలా? అసలు తప్పు ఫోన్‌దా, సిమ్‌దా అని మనం తేల్చుకునే దారి ఏమైనా ఉందా?

పానా స్క్రూడ్రైవర్:

బ్రో, నాది సెల్ రిపేర్ షాపే, కాబట్టి చివరి ప్రశ్నకి నేను చెప్తా. ఫోన్ చేతికి రాగానే ఒక పని చేయి. మీ నాన్న సిమ్ తీసి అమ్మ ఫోన్‌లో వెయ్, వేరే కంపెనీ సిమ్ ఒకటి నాన్న ఫోన్‌లో వెయ్, రెండూ ఒకే మంచం మీద పక్కపక్కన పెట్టి సాయంత్రం దాకా చూడు. నాన్న సిమ్ అమ్మ ఫోన్‌లో నిలబడి, నాన్న ఫోన్‌లో ఏ సిమ్ వేసినా పోతుంటే లోపం ఫోన్‌దే, ఇంక కస్టమర్ కేర్‌తో మాట్లాడడం దండగ. అలా కాకుండా నాన్న సిమ్ ఏ ఫోన్‌లో వేసినా పోతుంటే అది సిమ్ అయినా కావాలి, టవర్ అయినా కావాలి. కొత్త సిమ్ తీసుకుంటే అందులో ఏదో కూడా తేలిపోతుంది.

సిగ్నల్ గీతలు చూసి మోసపోకు. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లోకి వెళ్లి సిమ్ స్టేటస్ చూస్తే సిగ్నల్ స్ట్రెంగ్త్ డీబీఎంలో (సిగ్నల్ బలం కొలిచే లెక్క) ఉంటుంది. 4జీలో మైనస్ 85, 90 ఉంటే బ్రహ్మాండం. మైనస్ 110 దాటి 115, 120 వైపు పోతుంటే అక్కడ సిగ్నల్ లేనట్టే. ఒకేచోట ఒకే కంపెనీ సిమ్‌తో అమ్మ ఫోన్ మైనస్ 92 చూపిస్తుంటే నాన్న ఫోన్ మైనస్ 114 చూపిస్తోందనుకో, యాంటెన్నా కేబుల్ ఊడిందో, బోర్డు మీద నెట్‌వర్క్ ఐసీ అనే చిప్ దెబ్బతిందో అన్నమాట. కేబుల్ అయితే విప్పి మళ్లీ నొక్కడమే, బోర్డు దాకా పోనే అక్కర్లేదు. ఆ రెండు స్క్రీన్‌లూ పక్కపక్కన పెట్టి వీడియో తీసి ఉంచుకో.

ఇక స్టిక్కర్ సంగతి. చాలా ఫోన్లలో సిమ్ ట్రే తీసి టార్చ్ వేసి లోపలికి చూస్తే ఒక మూలన చిన్న తెల్ల ముక్క కనబడుతుంది, నీళ్లు తగిలితే ఎరుపో గులాబీయో అవుతుంది. కొన్నిట్లో బోర్డు మీద కూడా ఉంటుంది. కానీ స్టిక్కర్ ఎర్రబడినంత మాత్రాన బోర్డు నీళ్లకే పోయిందని కాదు. నీళ్లు పోయిన బోర్డు విప్పితే పచ్చగానో తెల్లగానో తుప్పు కనబడుతుంది, కనెక్టర్ల కాళ్లు నల్లబడతాయి. ఆ ఫోటో అడుగు. ఉత్త స్టిక్కర్ ఫోటో ఒక్కటే చూపిస్తే నేనైతే నమ్మను.

విసుగుబాబు:

ఇవన్నీ వినడానికి బాగుంటాయి కానీ అన్నా, 19,000 ఫోన్ కోసం కోర్టుల చుట్టూ తిరిగితే చెప్పులరగడం తప్ప ఏమీ ఉండదు. బయట మంచి రిపేర్ షాపులో రెండు మూడు వేలతో పని చేయించుకుని హాయిగా ఉండు. పైగా నెట్‌వర్క్ కేసులు కన్స్యూమర్ కోర్టు తీసుకోదు, సుప్రీంకోర్టే చెప్పింది, టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం ఆర్బిట్రేషన్‌కి, అంటే మధ్యవర్తి దగ్గరికి పోవాలట.

నల్లకోటు:

విసుగుబాబు గారు చెప్పింది 2009 నాటి మాట. అప్పుడు అలాంటి తీర్పు వచ్చిన సంగతి నిజమే, దాన్ని పట్టుకుని చాలా ఫిర్యాదులు వెనక్కి పంపారు కూడా. కానీ 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో సుప్రీంకోర్టే ఆ సందేహం తీర్చేసింది. టెలిగ్రాఫ్ చట్టంలో ఆర్బిట్రేషన్ ఉన్నా వినియోగదారుడు కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్లడానికి అడ్డు లేదంది. కాబట్టి నెట్‌వర్క్ మీద కూడా వేయొచ్చు.

మధిర తమ్ముడికి నా ప్రశ్న ఒకటే. మొదటిసారి ఫోన్ ఇచ్చినప్పుడు సర్వీస్ సెంటర్‌వాళ్లు రాసిచ్చిన కాగితం, అదే జాబ్ షీట్, ఉందా? ఉంటే అందులో కండిషన్ అనే చోట ఏం రాశారో, చివర్లో ఏం చేశామని రాశారో అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ పెట్టండి. రెండోసారి ఇచ్చినది కూడా. స్టిక్కర్ ఎర్రగా ఉందా తెల్లగా ఉందా అని కౌంటర్ దగ్గర వాదించుకోవడం ఎంతకీ తెగదు. మొబైల్ కేసులు నిలబడినా పడిపోయినా ఆ రెండు కాగితాల మీదే.

మధిర కుర్రాడు:

పానా అన్నా, నల్లకోటు గారూ థాంక్స్. రెండు షీట్లూ నాన్న బీరువాలో దాచాడు, అమ్మతో ఫోటో తీయించి తెప్పించుకున్నాను. మొదటి దాంట్లో కండిషన్ దగ్గర ‘నో డెంట్, నో లిక్విడ్, మైనర్ స్క్రాచెస్’ అనీ, వారంటీ దగ్గర ‘ఇన్ వారంటీ’ అనీ, చివర్లో ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేటెడ్, నో ఫాల్ట్ ఫౌండ్’ అనీ ఉంది. రెండోదాంట్లో ఇచ్చిన రోజున కండిషన్ గడి ఖాళీగా వదిలేశారు. లిక్విడ్ డ్యామేజ్ అని మాత్రం ఎక్కడా రాసివ్వలేదు, ఫోన్‌లో నోటితోనే చెప్పారు, డబ్బు కడితే పని మొదలుపెడతాం అన్నారు.

నల్లకోటు:

అయితే మీ కేసు మీరనుకున్న దానికంటే గట్టిగా ఉంది. మొదటిసారి వాళ్ల ఇంజినీరే చూసి లిక్విడ్ లేదు, లోపం లేదు అని రాసిచ్చాడు. అప్పటికే నాన్నగారు ‘సిగ్నల్ పోతోంది’ అని ఫిర్యాదు ఇచ్చి ఉన్నారు. రెండోసారి కూడా అదే ఫిర్యాదు. అంటే లోపం నీళ్ల కంటే ముందే ఉంది కదా! మధ్యలో నిజంగానే చెమ్మ తగిలిందనుకున్నా, మొదట వచ్చిన లోపానికి దాన్ని కారణంగా చూపించడం కుదరదు. పైగా రెండోసారి ఫోన్ తీసుకునేటప్పుడు కండిషన్ రాయకపోవడం వాళ్ల తప్పు.

ముందు డబ్బు కట్టకండి, ఎస్టిమేట్‌కి ఓకే అనే మెసేజ్ కూడా నొక్కకండి. తయారీ కంపెనీ సపోర్ట్‌కీ సర్వీస్ సెంటర్‌కీ కలిపి ఒక మెయిల్ పెట్టండి. బిల్లు, రెండు జాబ్ షీట్లు జతచేసి, వారంటీ ఏ కారణంతో తిరస్కరిస్తున్నారో రాతపూర్వకంగా, బోర్డు ఫోటోలతో సహా ఇవ్వమని అడగండి. మెయిల్‌లో తిట్లు వద్దు, ఇదే రేపు కమిషన్ ముందు చదువుతారు. తర్వాత 1915కి ఫోన్ చేయండి. అది నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడతారు. వాళ్లకి ఆర్డర్ వేసే అధికారం లేదు, ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు రాబడతారు, అంతే. కానీ కౌంటర్‌లో కుర్రాడు కాదన్నది పైఆఫీసు ఒప్పుకోవడం అక్కడే ఎక్కువగా జరుగుతుంది.

అక్కడ తేలకపోతే జిల్లా కన్స్యూమర్ కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు నివాసం ఉండే చోట గానీ ఉద్యోగం చేసే చోట గానీ వేయొచ్చు కాబట్టి హైదరాబాద్‌లోనే వేసుకోవచ్చు, ఖమ్మం తిరగక్కర్లేదు. కట్టిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే ఈ-జాగృతి పోర్టల్లో వేసుకోవచ్చు. గొడవ మొదలైన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంది. అమ్మిన షాపు, సర్వీస్ సెంటర్, తయారీ కంపెనీ ముగ్గురినీ ప్రతివాదులుగా పెట్టండి, ఒక్కరినే పెడితే ఆ ఒక్కరూ తప్పు పక్కవాడి మీదకి నెడతారు. బిల్లు మీ పేరు మీద, వాడేది నాన్నగారు అన్నది ఇబ్బంది కాదు, కొన్నవారి అనుమతితో వాడేవాళ్లూ వినియోగదారులే. సిమ్ కంపెనీని మాత్రం ఇప్పుడే లాగకండి, పానా గారు చెప్పిన పరీక్ష అయ్యాక చూద్దాం.

విసుగుబాబు:

సరే, 2022 తీర్పు సంగతి నాకు కొత్త. కానీ ఎన్నాళ్లకి తేలుతుందో కూడా చెప్పండి మరి.

నల్లకోటు:

చట్టంలో అయితే అవతలివాళ్లకి నోటీసు అందాక మూడు నెలలు, ల్యాబ్ పరీక్ష అవసరమైతే ఐదు నెలలు. నిజానికి ఏడాది పట్టినా ఆశ్చర్యపోను. వాయిదాలుంటాయి, ఓపిక లేనివాళ్లకి నేను వేయమని చెప్పను. అయితే ఆ మెయిలూ 1915 ఫిర్యాదూ ఇంట్లో కూర్చుని చేసేవే, వాటికి చెప్పులేమీ అరగవు.

సిగ్నల్ సింహం:

టవర్ల మెయింటెనెన్స్‌లో కొన్నాళ్లు చేశాను, నెట్‌వర్క్ వైపు రెండు ముక్కలు. ముందు నాన్నగారి ఫోన్‌లో వోల్టీ (4జీ మీదే కాల్ వెళ్లే సెట్టింగ్) ఆన్‌లో ఉందో లేదో చూడండి. సాఫ్ట్‌వేర్ ఎక్కించాక ఒక్కోసారి అది ఆఫ్ అయి ఉంటుంది. జియో సిమ్ అయితే దానికి 2జీ, 3జీ లేనే లేవు, వోల్టీ లేకపోతే మామూలు కాల్ పోదు. ఎయిర్‌టెల్, వీ సిమ్‌లయితే 2జీకి పడిపోయి అయినా కాల్ కలుస్తుంది. ఫోన్ 5జీ అయితే కొన్నాళ్లు 4జీలోనే పెట్టి చూడండి. పల్లెల అంచుల్లో 5జీ అందీ అందక ఫోన్ అటూ ఇటూ మారుతూ కాల్ తెంపేస్తుంది, బ్యాటరీ కూడా తాగేస్తుంది. కరెంటు పోయినప్పుడే సిగ్నల్ పోతోందా అన్నది కూడా గమనించండి. అలా అయితే టవర్ దగ్గర బ్యాటరీలు చచ్చాయన్నమాట, ఊరంతా అదే గోల ఉంటుంది, మీ ఒక్కరికే కాదు.

తప్పు నెట్‌వర్క్‌దే అని తేలితే కస్టమర్ కేర్‌లో మాట్లాడి పెట్టేయకండి, డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) అడిగి తీసుకోండి. ఆ నంబర్ లేకపోతే మీరు ఫిర్యాదు చేయనట్టే లెక్క. వాళ్ల జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు అదే కంపెనీలో అప్పీలేట్ అథారిటీకి అప్పీల్ చేయొచ్చు, రూపాయి ఖర్చు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. చాలామంది నేరుగా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి రాస్తారు, ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదు విచారించదు. ఇంకోటి, 2024లో వచ్చిన ట్రాయ్ నిబంధనల ప్రకారం ఏ ఊళ్లో 2జీ, 4జీ, 5జీ ఉందో కంపెనీలు తమ వెబ్‌సైట్‌లో మ్యాప్ పెట్టాలి. మీ ఊరు ఆ మ్యాప్‌లో రంగు వేసి ఉందంటే స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. ఇవన్నీ వద్దనుకుంటే ఆ ఊళ్లో ఏ సిమ్ బాగా వస్తుందో చూసుకుని 1900కి మెసేజ్ కొట్టి పోర్ట్ అయిపోవడమే. ఆంధ్రా, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్ కాబట్టి మూడు పనిదినాల్లో అయిపోతుంది.

మధిర కుర్రాడు:

అప్‌డేట్. మెయిల్ పెట్టాను, 1915లో కూడా ఫిర్యాదు రాయించాను. నిన్న సర్వీస్ సెంటర్ నుంచి కాదు, కంపెనీ ఆఫీసు నుంచే ఫోన్ వచ్చింది. మాట తీరే మారిపోయింది. ‘ప్రత్యేక కేసుగా’ బోర్డు సగం ధరకి వేస్తామన్నారు. మొదటి జాబ్ షీట్‌లో నో లిక్విడ్ అని మీరే రాశారు కదా అని అడిగితే కాసేపు సైలెంట్, చూసి చెప్తాం అన్నారు. ఇవాళ పొద్దున మెసేజ్ వచ్చింది, ఉచితంగా చేస్తారట, వచ్చి తీసుకోమన్నారు. వోల్టీ సంగతి నాన్నకి ఫోన్ వచ్చాక చూస్తాను. తీసుకునేటప్పుడు ఏం జాగ్రత్త పడాలి?

పానా స్క్రూడ్రైవర్:

శుభం! నాన్నని ఒక్కడినే పంపకు, నువ్వైనా పో, తెలిసినవాళ్లనైనా పంపు. బోర్డు మార్చితే ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబర్) మామూలుగా మారుతుంది, స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొట్టి కొత్త నంబర్లు చూసి, అవే జాబ్ షీట్‌లో రాయించు, లేకపోతే రేపు బిల్లు మీద నంబర్ వేరు, ఫోన్‌లో నంబర్ వేరు అని ఇంకో పేచీ. ఏ పార్ట్ మార్చారో, దానికి వారంటీ ఎన్నాళ్లో కూడా రాయించు. బోర్డు మారితే లోపలి ఫోటోలన్నీ పోయినట్టే, అందుకని ముందే అడుగు, పాత బోర్డు ఆన్ అవుతుంటే వాళ్లని బ్యాకప్ తీసుకోనివ్వమను. కౌంటర్ దగ్గరే సిమ్ వేసి ఒక పది నిమిషాలు మీ అమ్మకి కాల్ చేసి మాట్లాడు. ‘సమస్య పూర్తిగా తీరింది’ అనే గడిలో సంతకం పెట్టమంటారు. ‘ఊళ్లో వాడి చూడాల్సి ఉంది’ అని పక్కన రాసి అప్పుడు పెట్టు.

నల్లకోటు:

రాయనివ్వకపోతే గొడవపడకండి. సంతకం పెట్టి, బయటికి రాగానే అదే ముక్క మెయిల్‌లో పంపండి.