అమ్మ బతికుండగా పిల్లలు అనాథాశ్రమంలో ఎందుకుండాలి?

ఉప్పుటేరు:

అందరికీ నమస్కారం. ఈ విషయం రాయాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను. మొన్న మా వార్డులో ఒకామె "ఇద్దరు పిల్లల్నీ హోంలో వేసేస్తాను సిస్టర్, ఇక నావల్ల కాదు" అని ఏడ్చింది. ఆ రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు.

నేను మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా ఒక క్రైస్తవ సంస్థ హోంలో పెరిగాను. సంస్థ పేరు, ఊరి పేరు రాయను. నాన్న పోయాక అమ్మ పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్లేది. తెల్లారకముందే వెళ్తే మళ్లీ దీపాలు పెట్టాకే రావడం. పాస్టరు గారు ఇంటికొచ్చి "తిండి, బట్ట, చదువు అన్నీ మేం చూసుకుంటాం, పిల్లను పంపమ్మా" అన్నారు. అమ్మ దండం పెట్టింది. నేను ఈ రోజు నర్సుగా పనిచేస్తున్నానంటే వాళ్లు పెట్టిన అన్నం, చెప్పించిన చదువే కారణం. అది మరిచిపోయి మాట్లాడటం లేదు.

కానీ ఒక్క సంగతి చెప్తాను. ఏటా క్రిస్మస్‌కు ముందు మాకు ఫొటోలు తీసేవాళ్లు. పలక మీద సుద్దముక్కతో నంబరు రాసి గుండెల దగ్గర పట్టుకోవాలి. నాది 47. ఆ తర్వాత విదేశాల్లో ఉన్న దాతకు ఉత్తరం. బోర్డు మీద ఇంగ్లీషులో రాసింది చూసి అందరం ఎక్కించుకునేవాళ్లం. ఆరో తరగతికి వచ్చాక, నాలుగు ఇంగ్లీషు ముక్కలు తెలిశాక, అందులో రెండో వాక్యం అర్థమైంది. "నేను అనాథను" అని ఉంది. ఆ ఆదివారమే అమ్మ వచ్చింది, స్టీలు డబ్బాలో సున్నుండలు పెట్టుకుని. గేటు పక్కన వేపచెట్టు కింద కూర్చుని "ఏమే, మాట్లాడవేం?" అని అడుగుతూనే ఉంది. నేను తలెత్తలేకపోయాను. బతికున్న అమ్మను లేదని రాసి సంతకం పెట్టినట్టు అనిపించింది. ఆ మాట అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.

నా పేరు మీద వచ్చిన డబ్బులో సగం అమ్మ చేతికి ఇచ్చి ఉంటే నేను ఇంట్లోనే పెరిగేదాన్ని. అమ్మో, నాన్నో, అమ్మమ్మో ఉన్న పిల్లల్ని హోంలో పెట్టకూడదు, అది ఏ మతం వాళ్లు నడిపేదైనా సరే. ఆ డబ్బు ముందు ఆ ఇంటికి వెళ్లాలి. ఇదీ నా మాట. మీరేమంటారు?

ఒలీవ కొమ్మ:

వందనాలమ్మా. నేను పాస్టరు గారి భార్యను. 19 ఏళ్లుగా చిన్న హోం నడుపుతున్నాం, ఇప్పుడు 22 మంది పిల్లలున్నారు. నువ్వు రాసిన ఉత్తరం సంగతి చదివి చాలాసేపు ఏం చేయాలో తోచలేదు. మా దగ్గర పిల్లల చేత అలాంటివి రాయించం. అయినా నా మనసులో ఉన్నది కూడా చెప్పనీ.

మేం మొదలుపెట్టినప్పుడు మన ఆంధ్రలో ఎయిడ్స్ ఎంత భయంకరంగా ఉండేదో మీకు గుర్తుందా? తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన పిల్లల్ని సొంత మేనమామలే గడప తొక్కనిచ్చేవాళ్లు కాదు. కంచం వేరు, గ్లాసు వేరు, పడక పశువుల పాకలో. మొదట మేం తెచ్చుకున్న నలుగురూ అలాంటివాళ్లే. అప్పుడు ఏ ఆఫీసు వాళ్లూ వచ్చి అడగలేదు. ప్రార్థన చేసుకుని ఇంట్లో రెండు గదులు ఖాళీ చేశాం.

ఇప్పుడు వచ్చేవాళ్లు వేరు, ఒప్పుకుంటాను. భర్త వదిలేసి, అప్పులపాలై, కువైట్‌లో ఇంటిపనికి వెళ్తున్న తల్లులు. రెండేళ్ల దాకా తిరిగి రాలేరు. నువ్వన్నట్టు ఆ అమ్మాయి చేతికే నెలకు ఏ నాలుగు వేలో ఇస్తే అప్పు తీరుతుందా? అవతల ఏజెంటు తొందరపెడుతుంటాడు, పిల్లేమో ఇవతల. "మీరు కాదంటే ఎవరి దగ్గర పెట్టనమ్మా" అని కాళ్ల మీద పడితే చట్టం చూపించి పంపేయనా?

జిల్లా ఉద్యోగి:

నేను బాలల పరిరక్షణ విభాగంలో పనిచేశాను. చట్టం ఏమంటుందో చెప్తాను, చాలామందికి తెలియదు.

2015 జువెనైల్ జస్టిస్ చట్టం 3వ సెక్షన్‌లోనే ఉంది: పిల్లల్ని సంస్థలో ఉంచడం అన్నిటికంటే చివరి మార్గం. తగిన విచారణ జరిగాక, వేరే దారి లేనప్పుడే. రక్షణ అవసరమైన పిల్లలు ఉండే ప్రతి హోమూ, ఎవరు నడిపినా, 41వ సెక్షన్ కింద రిజిస్టరు కావాలి. లేకపోతే ఏడాది దాకా జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. అయినవాళ్లెవరూ లేకుండా దొరికిన బిడ్డ గురించి 24 గంటల్లో తెలియజేయాలి. ఆ బిడ్డ ఎక్కడ ఉండాలో నిర్ణయించేది బాలల సంక్షేమ కమిటీ. పాస్టరు గారో, స్వామీజీయో, మౌల్వీ గారో కాదు.

ఆచరణ మాత్రం చాలా దూరంలో ఉంది. 2018లో బయటికొచ్చిన కేంద్రం లెక్కల్లో దేశం మొత్తం మీద 9,589 సంస్థలు, వాటిలో 3.7 లక్షల మంది పిల్లలు తేలారు. సర్వే జరిగేనాటికి రిజిస్టరైనవి మూడో వంతు కూడా లేవు. రిజిస్ట్రేషన్లు పూర్తి చేయమని 2017 మే నెలలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాకే కదలిక వచ్చింది.

ఒక హోంలో ఫైళ్లు తిరగేస్తుంటే పేజీ పేజీకీ తల్లి ఫోన్ నంబరు కనిపించింది. పక్క గడిలో "అనాథ". రెండూ ఒకే చేతిరాత. మా సారు చాలాసేపు ఏమీ అనలేదు.

ఒలీవ కొమ్మ గారూ, మీ కువైట్ తల్లి ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆ పిల్లను నేరుగా మీరు తీసుకోవడానికి లేదమ్మా. కమిటీ ముందుకు తీసుకెళ్లండి. అమ్మమ్మా, పిన్నీ ఎవరైనా ఉన్నారా అని వాళ్లు చూస్తారు. ఎవరూ లేకపోతే అప్పుడు మీ హోమే కావచ్చు, కాకపోతే కాగితం మీద, గడువుతో.

మెట్ట రైతు:

అందరూ అసలు విషయం వదిలేసి మాట్లాడుతున్నారు. హోంలో వేసిన పిల్ల బొట్టుతో వెళ్లి బొట్టు లేకుండా వస్తుంది. మా ఊళ్లో చూశాను. తల్లికి తెలియకుండా పేరు కూడా మార్చారు. అన్నం పెట్టి మతం మార్చడం సేవా?

ఉప్పుటేరు:

మెట్ట రైతు గారూ, మీరు చెప్పింది జరుగుతుంది, కాదనను. మా హోంలోనూ హిందువుల పిల్లలు ఉండేవాళ్లు. వాళ్లకు వినాయక చవితి నాడు సెలవు కూడా ఉండేది కాదు. 1992లో మన దేశం ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణం, ఇంటికి దూరమైన బిడ్డకు తన మతం, భాష, సంస్కృతి తెగిపోకుండా చూడాలంటుంది. అది చర్చి హోంలో ఉన్న హిందూ పిల్లకు ఎంత వర్తిస్తుందో, ఆశ్రమంలో ఉన్న చెంచు పిల్లకూ అంతే వర్తిస్తుంది. అక్కడా పేర్లు మారుస్తారు, తినే తిండి మాన్పిస్తారు. దాన్ని ఎవరూ మతమార్పిడి అనరు, అంతే తేడా.

కానీ నాకు బొట్టు కంటే అమ్మ పెద్ద విషయం. దయచేసి ఈ చర్చను మతాల కొట్లాట చేయకండి. అలా చేస్తే పిల్లలు పక్కకు పోతారు.

పాతబస్తీ:

మా వైపు నుంచి ఒక మాట. ఇస్లాంలో యతీమ్ అంటే తండ్రి పోయిన బిడ్డ. తల్లి బతికున్నా యతీమే. కాబట్టి యతీమ్‌ఖానాలో, అంటే మా అనాథాశ్రమంలో, తల్లి ఉన్న పిల్లలు ఉండటంలో అబద్ధమేమీ లేదు. నాంపల్లిలోని అనీస్ ఉల్ గుర్బా యతీమ్‌ఖానా గురించి హైదరాబాదీలకు చెప్పక్కర్లేదు, ఎన్నో తరాల పిల్లలు అక్కడ చదువుకున్నారు.

అయితే అదే ధర్మంలో కఫాలా అని ఉంది. బిడ్డను తనవాళ్ల నుంచి విడదీయకుండా, వంశం పేరు మార్చకుండా, పోషణ బాధ్యత తీసుకోవడం. పైన ఆవిడ చెప్పిన 20వ అధికరణంలో కఫాలా అనే మాట పేరుపెట్టి ఉంది, చూడండి. మా మేనత్త భర్త పోయాక మసీదు కమిటీ వాళ్లు జకాత్ (ముస్లింలు ఏటా విధిగా ఇచ్చే దానం) నుంచి నెలనెలా బియ్యం, ఇంటద్దె ఇచ్చారు. ముగ్గురు పిల్లలూ ఆమె దగ్గరే పెరిగారు. పెద్దోడు ఇప్పుడు ఆటోమొబైల్ షాపు పెట్టాడు. విరాళం ఇచ్చేవాళ్లకు చూపించడానికి భవనం లేదు, బోర్డు లేదు. అందుకే ఇలాంటి సాయానికి డబ్బు రాదనుకుంటాను. శిలాఫలకం వేయడానికి గోడ కావాలి కదా.

కృష్ణ తీరం:

ఈ చర్చ చదువుతుంటే నాకు గుండె దడగా ఉంది. అయినా రాస్తాను.

మా అమ్మ బతికే ఉంది, ఇల్లూ ఉంది. ఆ ఇంట్లో మారుతండ్రి ఉన్నాడు. ఇంతకంటే వివరంగా రాయలేను. పన్నెండేళ్ల వయసులో మా టీచరు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే నన్ను తీసుకెళ్లి ఒక ఆశ్రమంలో చేర్చారు. తెల్లవారుజామున సుప్రభాతం, సాయంత్రం గీతా శ్లోకాలు, మధ్యలో బడి. మొదటి రాత్రి మాతాజీ నా మంచం పక్కనే చాప వేసుకుని పడుకున్నారు. తలుపుకి లోపలి నుంచి గడియ పెట్టి, "ఇది నువ్వు తీస్తేనే తెరుచుకుంటుంది" అని నా చేతికి చూపించారు. నాకు దేవుడు అంటే ఆ గడియే.

"తల్లి ఉన్న పిల్లల్ని హోంలో పెట్టకూడదు" అని మీరు రాసినప్పుడు, నన్ను మళ్లీ ఆ ఇంటికి పంపమన్నట్టే వినిపించింది అక్కా.

ఉప్పుటేరు:

చెల్లీ, నన్ను క్షమించు. తప్పుగా రాశాను. నా బాధలో నీలాంటి పిల్లలు గుర్తు రాలేదు. ఇలా సరిచేస్తున్నాను: పేదరికం ఒక్కటే కారణమైతే ఏ బిడ్డనూ ఇంటి నుంచి విడదీయకూడదు. భయం ఉన్న ఇంట్లో ఒక్క రాత్రి కూడా ఉంచకూడదు.

నీ మంచం పక్కన చాప వేసుకున్న ఆ మాతాజీ లాంటివాళ్లు జీతం కోసం వచ్చేవాళ్లు కారు. ఆ ఓపిక భక్తి నుంచే వచ్చిందంటే నేను కాదనను. మా హోంలోనూ ఒక వంట ఆయమ్మ ఉండేది, జ్వరం వస్తే రాత్రంతా కీర్తనలు పాడుతూ తల నిమిరేది. నా గొడవ ఆ భక్తితో కాదు. ఆ ఆయమ్మ మా వీధిలోకి వచ్చి అమ్మ పనికెళ్లిన వేళ నన్ను చూసుకుని ఉంటే ఎంత బావుండేదా అని.

జిల్లా ఉద్యోగి:

దీనికి ఒక మాట కలుపుతాను. మరీ చిన్న పిల్లల విషయంలో సందేహమే అక్కర్లేదు. రొమేనియా రాజధాని బుఖారెస్ట్‌లో అనాథాశ్రమాల్లో ఉన్న 136 మంది పసివాళ్లను తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం మందిని పెంపుడు కుటుంబాలకు ఇచ్చి, ఏళ్ల తరబడి పరిశీలించారు. కుటుంబాల్లోకి వెళ్లినవాళ్ల తెలివితేటలు, మెదడు ఎదుగుదల మెరుగ్గా ఉన్నాయి, ముఖ్యంగా రెండేళ్లలోపు వెళ్లినవాళ్లవి. మంచి హోం, చెడ్డ హోం అన్న మాట తర్వాత. షిఫ్టుకు ఒకరు చొప్పున మారే ఆయాల మధ్య పసిబిడ్డకు "నా మనిషి" అంటూ ఒకరు ఉండరు.

అలాగని తొందరపడి ఇళ్లకు పంపేయడమూ తప్పే. 2020లో జాతీయ బాలల హక్కుల కమిషన్ ఎనిమిది రాష్ట్రాలకు, మన రెండు రాష్ట్రాలతో సహా, హోముల్లోని పిల్లల్ని కుటుంబాలకు చేర్చమని రాసింది. ఉద్దేశం మంచిదే. కానీ ఇంట్లో బియ్యం ఉన్నాయా, తాగి కొట్టేవాడు ఉన్నాడా అని చూడకుండా బస్సెక్కిస్తే ఏమవుతుంది? అలా వెళ్లిన ఒక పిల్ల నాలుగు నెలల తర్వాత ఇటుక బట్టీలో కనిపించింది నాకు.

డాలస్ తెలుగు:

నేను ఏడేళ్లుగా మా జిల్లాలో ఒక హోంకి నెలకు 100 డాలర్లు పంపుతున్నాను. ఇదంతా చదివాక టెన్షన్ పట్టుకుంది. ఆపేయాలా? ఆపేస్తే అక్కడున్న పిల్లలు ఏమవుతారు?

జిల్లా ఉద్యోగి:

ఒక్కసారిగా ఆపకండి సార్, నష్టపోయేది పిల్లలే. 2020లో విదేశీ విరాళాల చట్టం మారి, ఒక సంస్థ తనకొచ్చిన సొమ్మును ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నప్పుడు, పెద్ద సంస్థల మీద ఆధారపడ్డ చిన్న హోములు ఎలా ఇబ్బంది పడ్డాయో చూశాను. ముందు రిజిస్ట్రేషన్ కాపీ అడగండి. పిల్లలు కమిటీ ఉత్తర్వుతో వచ్చారా, ప్రతి బిడ్డకూ విడిగా సంరక్షణ ప్రణాళిక ఉందా అని అడగండి. ఈ ఏడాది ఎంతమంది ఇంటికి తిరిగి వెళ్లారని కూడా అడగండి. "ఒక్కరూ వెళ్లలేదు" అని గర్వంగా చెప్తే, అక్కడ ఆలోచించాలి.

ఫొటోలు మాత్రం అడగకండి.

ఉప్పుటేరు:

ఆ చివరి మాటకు దండం పెడుతున్నాను సార్.

ఒలీవ కొమ్మ:

జిల్లా ఉద్యోగి గారూ, ఒక సందేహం. మా దగ్గర ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు, ఐదు, ఎనిమిది ఏళ్లవాళ్లు. తల్లి చనిపోయింది, తండ్రి జాడ లేదు. అమ్మమ్మ ఉంది, పిల్లలంటే ప్రాణం. కూలికి వెళ్తుంది. "నాలుగు రూపాయలుంటే నేనే సాకుతాను" అని వచ్చినప్పుడల్లా అంటుంది. నేనేమో ఆ మాటను పెద్దగా పట్టించుకోలేదు, నిజం చెప్తున్నాను. ఆమెకు ప్రభుత్వం నుంచి ఏదైనా వస్తుందా?

జిల్లా ఉద్యోగి:

వస్తుందమ్మా. కేంద్రం పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ ఉంది, అంటే బిడ్డను ఇంట్లోనే పెంచుకోవడానికి ఇచ్చే సాయం, ఒక్కో బిడ్డకు నెలకు 4,000. హోంలో ఉంచితే అదే పథకం ఇచ్చేది బిడ్డకు 3,000 మాత్రమే. బంధువుల దగ్గర పెరిగే అనాథ పిల్లలకు వర్తిస్తుంది. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. తల్లి మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, రేషన్ కార్డు, స్టడీ సర్టిఫికెట్ సిద్ధం చేసుకోండి. బ్యాంకు ఖాతా కూడా కావాలి. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వాలి. మంజూరు ఆలస్యం కావచ్చు, ముందే చెప్తున్నాను. ఆ నెలల్లో మీ హోం నుంచే అమ్మమ్మకు బియ్యం, పప్పు ఇవ్వగలిగితే, కమిటీతో మాట్లాడి పిల్లల్ని పంపే ఏర్పాటు చేయొచ్చు.

ఒలీవ కొమ్మ:

బియ్యానికి లోటు లేదండి. మా సంఘంలో అడిగితే ఇస్తారు. సోమవారం ఆమెను తీసుకుని ఆఫీసుకు వెళ్తాను.

ఉప్పుటేరు:

అమ్మా, ఆ అమ్మమ్మ దగ్గర ఫోన్ ఉందా? సోమవారం దాకా ఆగకుండా ఈ రాత్రే పిల్లల్ని ఆమెతో మాట్లాడించండి. మాకు ఆదివారం పది నిమిషాలే ఉండేది.