జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు, ఏడాది గడువు దగ్గరపడింది, తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్తే. మా బావమరిదిని దొంగతనం అనుమానంతో స్టేషన్‌కి తీసుకెళ్లి రెండు రోజులు కూర్చోబెట్టి కొట్టారు, కేసూ పెట్టలేదు, అరెస్టూ చూపలేదు, ఇప్పుడు చేతిలో ఉన్నదల్లా ఒక ఓపీ చీటీ, అందులోనూ 'జారిపడ్డాడు' అని రాసుంది (పక్కనే కానిస్టేబుల్ నిలబడితే డాక్టర్‌కి ఇంకేం చెప్తాడు). అప్పుడే పదకొండు నెలలైంది. 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 36 ప్రకారం ఘటన జరిగి ఏడాది దాటితే కమిషన్ విచారించదు, అదే టెన్షన్. ఫీజు లేదు, తెలుగులో రాసినా తీసుకుంటారు, అంతవరకు తెలుసు.

చిక్కేంటంటే, మా మామయ్య నాకు చెప్పకుండా రాష్ట్ర కమిషన్‌కి ఒక అర్జీ పోస్టు చేశారట, రసీదు తప్ప కాపీ కూడా ఉంచుకోలేదు. అక్కడ పెండింగ్‌లో ఉంటే ఢిల్లీ వాళ్లు ముట్టుకోరని అదే సెక్షన్‌లో ఉంది. ఆ అర్జీకి నంబరు పడిందో లేదో ఎలా కనుక్కోవాలి? దాన్నే పట్టుకుని తిరగాలా, వెనక్కి తీసుకుని ఢిల్లీకి ఆన్‌లైన్‌లో పెట్టాలా? ఈలోపు ఏడాది దాటిపోతే? ఆ ఓపీ చీటీ జతచేస్తే మాకే ఎదురు తిరుగుతుందా? ఇలాంటిది స్వయంగా నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.