స్థలం కొనకముందే డిజైన్ సలహా తీసుకున్న వారు ఉన్నారా? (విశాఖ)

కొత్త గడప

సభ్యులందరికీ నమస్కారం. ఆనందపురం దాటిన తరువాత తగరపువలస వైపు ఒక లేఅవుట్‌లో 200 గజాల స్థలం చూశాము. తూర్పు ముఖం 36 అడుగులు, లోతు 50 అడుగులు. కింద మేము, పైన రేపు అబ్బాయి ఉండేలా జీ ప్లస్ వన్ కట్టుకోవాలని ఆలోచన. మధ్యవర్తి గారు తమకు తెలిసిన ఇంజనీరు చేత ప్లాను ఉచితంగా గీయించి ఇస్తామని, బయానా మాత్రం ఈ నెలాఖరులోగా ఇవ్వాలని చెబుతున్నారు. ఉచితమైన ప్లాను ఖరీదు ఇంకెక్కడో కలిసే ఉంటుందని మా ఆవిడ అనుమానం. స్థలం అమ్మేవారితో గానీ, కట్టే కాంట్రాక్టరుతో గానీ సంబంధం లేని ఆర్కిటెక్టును లేదా ఇంజనీరును బయానాకు ముందే తీసుకువెళ్లి చూపించిన వారు ఎవరైనా ఉంటే, వారు ఏం చూశారో, ఎంత తీసుకున్నారో, దానివల్ల మీ నిర్ణయం ఏమైనా మారిందో తెలియజేయగలరు.

మధురవాడ ఇల్లాలు

మీ ఆవిడ గారి అనుమానం సబబైనదే. మేము ఆ పని చేయకుండా నష్టపోయిన వాళ్లం కాబట్టి మా సంగతి చెబుతాను.

మాది కొండ వాలులో స్థలం. కొనేటప్పుడు తుప్పలు ఏపుగా ఉండటం వల్ల ఎత్తుపల్లాలు కంటికి ఆనలేదు. రిజిస్ట్రేషన్ అయ్యాక జేసీబీ పెట్టి శుభ్రం చేయిస్తే వెనుక హద్దు ముందు హద్దుకన్నా దాదాపు ఆరడుగుల ఎత్తులో ఉన్నదని తేలింది. కాంట్రాక్టరు మారు ఆలోచన లేకుండా కొండను కోసి మొత్తం చదును చేసి, వెనుక రాతి గోడ కట్టారు. ఆ గోడకు నీరు బయటకు పోయే రంధ్రాలు పెట్టలేదు. మొదటి తుపాను వానకే మట్టి వెనుక నీరు నిలిచి గోడ మధ్యలో ఉబ్బింది. దానిని పడగొట్టి మళ్లీ కట్టవలసి వచ్చింది. ఆ తరువాత మా బంధువుల ఇంటికి వచ్చిన ఒక ఆర్కిటెక్టు గారు చూసి, వాలును అలాగే ఉంచి ముందు భాగంలో కింద కారు, వెనుక భాగంలో నాలుగు మెట్లు పైన ఇల్లు పెట్టుకుంటే కోత సగం తగ్గేదని, గోడ మూడడుగులతో సరిపోయేదని ఐదు నిమిషాలలో కాగితం మీద గీసి చూపించారు. ఆ కాగితం ఇప్పటికీ మా బీరువాలో ఉంది. చూసినప్పుడల్లా కడుపు మండుతుంది.

అందువల్ల స్థలం ధర అంటే గజం రేటు ఒక్కటే అనుకోకండి. మట్టి కోత, నింపుడు, గోడ కలిపితేనే అసలు ధర. ఆ లెక్క వేసి ఇచ్చేవారు బయానాకు ముందు కావాలి.

లెక్కల మాస్టారు

నేను వేరుగా చెబుతున్నందుకు అన్యథా భావించవద్దు. గాజువాకలో 1996లో మా ఇల్లు కట్టించాను. ఆర్కిటెక్టు లేడు. మేస్త్రీ నమ్మకస్తుడు, నేను రోజూ బడి నుండి వచ్చి నీళ్లు పట్టేవాడిని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు వీధిలో చెట్లన్నీ కూలాయి గానీ, మా ఇంటికి రెండు కిటికీ అద్దాలు తప్ప ఏమీ కాలేదు. 200 గజాల స్థలంలో రెండంతస్తుల ఇంటికి ఇంతమంది నిపుణులు అవసరమా? ఆ ఫీజుతో రెండు టన్నుల ఇనుము ఎక్కువ వేసుకుంటే మంచిది కదా?

ఉప్పుగాలి

మాస్టారికి నమస్కారం. నేను స్ట్రక్చరల్ ఇంజనీరును. ఇటువంటి సలహాకు ఫీజు తీసుకునేవాడినే కాబట్టి, నా మాటను ఆ మేరకు తగ్గించి చదువుకోండి.

ఇనుము ఎక్కువ వేయడం వల్ల ఇల్లు గట్టిపడుతుందన్నది మన ఊరిలో ఖరీదైన అపోహ. విశాఖలో ఇనుముకు శత్రువు బరువు కన్నా ఉప్పుగాలి. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 కోడ్ ప్రకారం తీర వాతావరణానికి నేరుగా గురయ్యే కాంక్రీటును తీవ్ర పరిస్థితి కింద లెక్కించాలి. దానికి కనీసం ఎం30 కాంక్రీటు (ఎం పక్కన అంకె పెరిగిన కొద్దీ కాంక్రీటు గట్టిది), ఇనుముకు బయట 45 మిల్లీమీటర్ల కవరు, అంటే ఊచను కప్పి ఉంచే కాంక్రీటు మందం, కావాలి. ఉప్పుగాలి నేరుగా తగలకుండా మరుగున ఉన్న భాగాలకు ఎం25, 30 మిల్లీమీటర్లు సరిపోతాయి. సైటులో జరిగేది ఏమిటంటే, కవరు బ్లాకులకు బదులు ఊచల కింద కంకర ముక్కలు పెడతారు, కాంక్రీటు పోస్తూ తొక్కేసరికి అవి పక్కకు జరుగుతాయి, ఊచ వెళ్లి సెంట్రింగ్ పలక మీద కూర్చుంటుంది. అక్కడ రెండు టన్నులు అదనంగా వేస్తే తుప్పు పట్టడానికి రెండు టన్నులు అదనంగా ఇచ్చినట్లే.

గాలి విషయానికి వస్తే, కట్టడాల మీద గాలి ఒత్తిడికి సంబంధించిన ప్రమాణం ఐఎస్ 875 మూడవ భాగం విశాఖకు ప్రాథమిక గాలి వేగాన్ని సెకనుకు 50 మీటర్లుగా, అంటే గంటకు 180 కిలోమీటర్లుగా ఇచ్చింది. హుద్‌హుద్ గాలి దాదాపు ఆ స్థాయిలోనే వచ్చింది. మాస్టారి ఇల్లు నిలిచిందంటే మేస్త్రీ మంచివాడు కావడంతో పాటు ఇల్లు పొట్టిగా, చతురస్రంగా ఉండటం కూడా కారణం కావచ్చు. ఇప్పుడు అందరూ అడుగుతున్న పొడవాటి బాల్కనీలు, మేడ మీద రేకుల షెడ్లు, పెద్ద పెద్ద అద్దాలు అప్పట్లో లేవు.

ఇక ప్రశ్న అడిగిన మిత్రునికి. మీరు చూసినది లేఅవుట్ స్థలం కాబట్టి ముందుగా మట్టి చూడండి. లేఅవుట్ వేసేటప్పుడు పల్లాలను ఎర్ర గ్రావెల్‌తో నింపి రోలరు తిప్పుతారు. పైకి అంతా ఒకే రకంగా కనిపిస్తుంది. స్థలం యజమాని అనుమతితో ఒక మూల ఐదారడుగుల గొయ్యి తవ్వించి, గోడల పొరలు పగటి వెలుతురులో చూడాలి. అనుమానం వస్తే బోరు వేయించి భూమి మోయగల బరువును పరీక్ష చేయించాలి. మామూలు ఫుటింగులతో పోయే పునాదికి, పైలింగ్ (గట్టి నేల తగిలే వరకు లోతుగా స్తంభాలు దించడం) కావలసిన పునాదికి మధ్య తేడా మీ ఇంటి బడ్జెట్టునే మార్చివేస్తుంది. కొన్న తరువాత తెలిస్తే ఆ తేడా మీ నెత్తిన పడుతుంది, ముందే తెలిస్తే బేరంలో మీకు పనికివస్తుంది.

రిజిస్ట్రారాఫీసు మెట్లు

పై సభ్యులు మట్టి గురించి చెప్పారు, నేను కాగితం గురించి చెబుతాను. నిజానికి ఈ రెండింటినీ కలిపి చూసేవారే తక్కువ. వకీలు గారు లింకు డాక్యుమెంట్లు, ఈసీ (స్థలం మీద పాత లావాదేవీలు చూపే ధ్రువపత్రం), 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) చూసి టైటిల్ బాగుందంటారు. సింహాచలం వైపు, దేవస్థానంతో వివాదం నడిచిన పంచగ్రామాల భూములైతే ఇంకాస్త లోతుగా చూస్తారు. కానీ ఆ స్థలంలో మీరు కోరుకున్న ఇల్లు పడుతుందా లేదా అన్నది వకీలు చెప్పరు, అది ఆయన పని కూడా కాదు.

మీ కొలతలతోనే చూడండి. మీ ముందున్న రోడ్డు మాస్టర్ ప్లానులో విస్తరణకు ఉండి, ముందు వైపు ఐదడుగులు వదలవలసి వచ్చిందనుకుంటే, 36 అడుగుల ముఖం మీద 180 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 20 గజాలు పోతాయి. సెట్‌బ్యాకులు, అంటే ఇంటి చుట్టూ తప్పనిసరిగా వదలవలసిన ఖాళీలు, ఆ కొత్త హద్దు నుండి లెక్కకు వస్తాయి. 200 గజాలకు డబ్బు కట్టి 180 గజాల మీద ఇల్లు కట్టుకుంటారు. భీమిలి బీచ్ రోడ్డు వైపు వెళ్లేవారు సముద్రపు పోటు గీత నుండి 500 మీటర్ల లోపు తీర నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయని గుర్తుంచుకోవాలి. విమానాశ్రయం చుట్టుపక్కల కొండ మీద స్థలమైతే ఎత్తు పరిమితిని సముద్ర మట్టం నుండి కొలుస్తారు గనుక, కొండ ఎత్తు కూడా మీ ఇంటి ఎత్తులో కలుస్తుంది. ఇవన్నీ ఎల్టీపీలకు (ప్లాన్లు గీసి అనుమతికి పెట్టే లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణులకు) తెలుసు. అయితే ప్లాను పాస్ చేయించడం వారి పని, స్థలం కొనవద్దని చెప్పడం కాదు.

లేఅవుట్‌కు ఎల్పీ నంబరు (లేఅవుట్ అనుమతి సంఖ్య) ఉన్నదా, వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) ఆమోదించిన పటంలో మీ ప్లాటు నంబరు ప్లాటుగానే ఉన్నదా, లేక పార్కుకు వదిలిన ఖాళీ స్థలంలో ఉన్నదా చూడండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ అయితే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు కూడా అడగండి.

కొత్త గడప

అందరికీ కృతజ్ఞతలు. రెండు సందేహాలు మిగిలాయి. ఫీజు ఏ పద్ధతిలో మాట్లాడుకోవాలి? మా మామగారు వాస్తు విషయంలో పట్టుదల గల మనిషి; నైరుతి మూల బరువుగా, మూసి ఉండాలని అంటారు. ఆర్కిటెక్టు వచ్చి ఇంకో మాట చెబితే ఇంట్లో యుద్ధమే.

మధురవాడ ఇల్లాలు

మామగారి విషయంలో మీకు నా సానుభూతి. మా ఇంట్లో ఆ యుద్ధం జరిగి ముగిసింది. విశాఖలో ఏడాదిలో ఎక్కువ నెలలు గాలి నైరుతి దిక్కు నుండే వస్తుంది. ఆ మూలను పూర్తిగా మూస్తే మే నెలలో పడకగది ఆవిరి కుడుము వండే పాత్రలా తయారవుతుంది. మాకు రెండవసారి సలహా ఇచ్చిన ఆర్కిటెక్టు గారు నైరుతిలోనే పెద్ద పడకగది పెట్టి, మూల గోడను కదపకుండా, దక్షిణం గోడకు ఒకటి, పడమర గోడకు ఒకటి కిటికీలు ఇచ్చి, పడమర కిటికీకి లోతైన సన్‌షేడ్ గీశారు. మూల బరువుగానే ఉందని మామగారు, గాలి వస్తున్నదని మేము సంతోషించాము. వాస్తు కావాలనుకునేవారు ఆ మాటను మొదటి రోజే సలహాదారుకు చెప్పడం మంచిది. స్థలం చూసేటప్పుడే వీధి పోటు (వీధి నేరుగా వచ్చి స్థలానికి తగలడం) వంటివి ఇంట్లో పెద్దలు ఒప్పుకుంటారో లేదో తేలిపోతుంది.

లెక్కల మాస్టారు

ఉప్పుగాలి గారూ, మీ జాబు చదివి నిన్న నిచ్చెన వేసుకుని మా సన్‌షేడ్ల కింద చూశాను. మూడింటిలో ఊచలు బయటపడి, పెచ్చులు ఊడుతున్నాయి. రెండేళ్ల క్రితం పూత వేయించి మరిచిపోయాను. ఇప్పుడు ఏం చేయించాలో విడిగా అడుగుతాను.

ఫీజు గురించి మాత్రం నాకు ఒక లెక్క తెలుసు. కట్టుబడి ఖర్చులో ఇంత శాతం అని మాట్లాడుకుంటే, ఖర్చు పెరిగిన కొద్దీ సలహాదారుకు లాభం. అటువంటప్పుడు ఖర్చు తగ్గించమని ఆయనను అడగడం పిల్లి చేత పాలకు కాపలా పెట్టించడమే. స్థలం చూసి రాతపూర్వకంగా రిపోర్టు ఇవ్వడానికి ఒక స్థిరమైన మొత్తం మాట్లాడుకోండి. కొన్నా కొనకపోయినా అదే మొత్తం ఇస్తామని ముందే చెప్పండి.

ఉప్పుగాలి

మాస్టారి లెక్కతో ఏకీభవిస్తున్నాను, నా వృత్తికి అది కాస్త ఇబ్బందే అయినా. ఒక్క మాట చేరుస్తాను. ఆర్కిటెక్టు అని పేరు పెట్టుకున్నవారిని కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ నమోదు సంఖ్య అడగండి. 1972 నాటి చట్టం ప్రకారం నమోదైన వారికే ఆ పేరు చెల్లుతుంది, ఆ సంఖ్య సీఏ అన్న అక్షరాలతో మొదలవుతుంది. టైల్సు దుకాణం నుండి, సిమెంటు డీలరు నుండి, మధ్యవర్తి నుండి కమీషన్ తీసుకోబోమని ఫీజు కాగితంలోనే ఒక వాక్యం రాయించుకోండి. రాయడానికి వెనుకాడితే మీకు జవాబు దొరికినట్లే. మాస్టారూ, సన్‌షేడ్లకు పూత వేయించకండి. ముందు తట్టి చూడాలి, ఫోటోలు పంపండి.

కొత్త గడప

మూడు వారాల తరువాత మళ్లీ రాస్తున్నాను. ఇక్కడి సలహా ప్రకారం, మధ్యవర్తి గారికి పరిచయం లేని ఒక ఆర్కిటెక్టును, ఆమె చెప్పిన ఇంజనీరును తీసుకువెళ్లాము. ఇద్దరికీ కలిపి 12,000 రూపాయలు ముందే మాట్లాడుకున్నాము. ఆమె వచ్చీరాగానే ప్లాటు చూడలేదు. లేఅవుట్ చివరి వరకు నడిచి, కల్వర్టు కింద తూము ఎటు తిరిగి ఉన్నదో చూసి, గ్రామ పటంలో గెడ్డ (వాగు) ఎటు పోతున్నదో సరిపోల్చుకుని, ఆ తరువాత మా స్థలానికి వచ్చారు. ఇంజనీరు గారు ఈశాన్యం మూల గొయ్యి తవ్వించారు. రెండున్నర అడుగుల వరకు శుభ్రమైన ఎర్ర గ్రావెల్. దాని కింద నల్లటి ఒండ్రు, అందులో తెల్లగా నత్త గుల్లలు, కుళ్లిన తుంగ వేళ్లు. నాలుగున్నర అడుగుల దగ్గర నీరు ఊరడం మొదలయింది. అక్కడే మేకలు కాస్తున్న ఒక పెద్దాయన గొయ్యిలోకి తొంగి చూసి, "ఇది బంద కదా బాబూ, మా చిన్నప్పుడు ఇక్కడే గేదెలను కడిగేవాళ్లం" అన్నారు. బంద అంటే మా వైపు నీటి కుంట.

మధ్యవర్తి గారు గజానికి కొంత తగ్గిస్తామన్నారు. ఇంజనీరు గారు వేసి ఇచ్చిన పునాది ఖర్చుతో పోలిస్తే ఆ తగ్గింపు సగానికి కూడా చాలదు. బయానా ఇవ్వలేదు. వచ్చే ఆదివారం పెందుర్తి వైపు ఇంకో స్థలం చూడబోతున్నాము. మామగారు ఈసారి తామే గునపం పట్టుకుని వస్తామంటున్నారు.