పక్క స్థలంలోంచి 23 ఏళ్లుగా నడుస్తున్న దారిని మూసేయవచ్చా?

పెరంబూరు వాసి: మా ఇల్లు వెనుక వైపు ఉంది. వీధిలోకి రావడానికి పక్కవారి స్థలంలో నాలుగడుగుల సందు గుండా 23 ఏళ్లుగా నడుస్తున్నాం. కొత్తగా కొన్న యజమాని అక్కడ గేటు పెట్టి తాళం వేస్తానంటున్నారు. మా దస్తావేజులో ఆ దారి ప్రస్తావనే లేదు. మాకు హక్కు ఉన్నట్టేనా?

విశ్రాంత న్యాయవాది: దస్తావేజులో లేనంత మాత్రాన హక్కు లేదనుకోకండి. 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ఒక దారిని 20 ఏళ్లపాటు బహిరంగంగా, శాంతియుతంగా, అంతరాయం లేకుండా, హక్కుగా వాడుకుంటే అది ఈజ్‌మెంటు, అంటే పక్కవారి స్థలాన్ని వాడుకునే హక్కు, అవుతుంది. అయితే ఆ వాడుక దావా వేయడానికి ముందు రెండేళ్లలోపు కాలం వరకు కొనసాగి ఉండాలి కనుక, తాళం పడ్డాక ఏళ్ల తరబడి ఊరుకోవద్దు. అసలు చిక్కంతా 'హక్కుగా' అన్న మాటలోనే ఉంది: పాత యజమాని దయతో అనుమతించి ఉంటే అది లైసెన్సు, అంటే ఒట్టి అనుమతి మాత్రమే, ఎన్నేళ్లు నడిచినా ఈజ్‌మెంటుగా మారదు.

మైలాపూరు పాఠకురాలు: రెండు స్థలాలూ ఒకప్పుడు ఒకే యజమానివా, అడిగి చూడండి. విభజన వల్ల మీకు వేరే దారి లేకుండా పోయి ఉంటే, 20 ఏళ్లతో నిమిత్తం లేకుండా 13వ సెక్షన్ కింద అవసరం వల్ల ఏర్పడే ఈజ్‌మెంటు కోరవచ్చు. చుట్టూ తిరిగి వెళ్లాల్సి రావడం మాత్రం అవసరం కిందికి రాదు.

పెరంబూరు వాసి: ధన్యవాదాలండీ. రెండూ ఒకే కుటుంబానివేనని అమ్మ అంటోంది. పాత పత్రాల నకళ్లు తీయిస్తాను.